చెయ్యెత్తిన ఫోటో

మా బడిలో ఏ పని జరిగినా దానికి ఫోటో ఉండాలి. పొద్దున ప్రార్థన జరిగితే ఫోటో, అన్నానికి ముందు పిల్లలు చేతులు కడుక్కుంటే ఫోటో, కోడిగుడ్డు పెడితే గుడ్డుతో సహా ఫోటో. మరుగుదొడ్లు కడిగించామని కూడా ఫోటో పంపిన రోజులున్నాయి. మొక్క నాటాక అది బతికిందా అని అడిగినవాళ్ళు లేరు గానీ, ఫోటో ఇంకా పెట్టలేదేమని అడిగినవాళ్ళు మాత్రం చాలామంది. ఎవరి చేతిలోనైనా ఫోన్ లేచిందంటే చాలు, మా పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పొట్టివాళ్ళు ముందుకీ, పొడుగువాళ్ళు వెనక్కీ సర్దుకుంటారు. పాఠం చెప్పడానికి వస్తున్నానో, చెబుతున్నట్టు కనబడటానికి వస్తున్నానో అని నేను స్టాఫ్ రూములో గొణుక్కుంటూ ఉంటే తోటి టీచర్లు నవ్వేసేవారు. నా గొణుగుడు వాళ్ళకు అలవాటే.

నేను సోషల్ టీచర్ని. తాడేపల్లిగూడెంలో ఉంటాను. బడి ఆకివీడు దాటాక, కొల్లేరు వైపు. బస్సు దిగి ఆటో ఎక్కానంటే ఇక రోడ్డుకు రెండు పక్కలా చేపల చెరువులే. ఎదురుగా ఐసు నీళ్ళు కార్చుకుంటూ లారీలు వస్తుంటాయి. పిల్లలు చాలామంది లంక ఊళ్ళ నుంచి వస్తారు. తండ్రులు చెరువుల మీద కాపలా ఉంటారు, మేత వేస్తారు, వలలు లాగుతారు. ఇంటికి ఒక ఫోను. అది తండ్రిది. దానిలోనే చేపల రేట్లు వచ్చే గ్రూపు, దానిలోనే చర్చి గ్రూపు, దానిలోనే మా పదో తరగతి గ్రూపు. సాయంత్రం తండ్రి చెరువు మీంచి వచ్చి స్నానానికి వెళ్ళాక ఆ ఫోను పిల్లల చేతికి వస్తుంది. పిల్లలకు ఫోన్ల మీద అదుపు ఉండాలని ఉపన్యాసాలిచ్చేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. ఇక్కడ పిల్లల ఫోను, పెద్దవాళ్ళ ఫోను అని రెండు లేవు.

పదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఉండేది అంటున్నాను గానీ ఇప్పుడూ ఉంది, ఆ సంగతే చెప్పబోతున్నాను. ప్రశ్న నా నోట్లోంచి పూర్తిగా రాకముందే చెయ్యెత్తేది. జవాబు సగం తప్పయినా సరే, చెయ్యి మాత్రం అందరికంటే ముందు లేవాలి. "కూర్చోవే, ఇంకొకళ్ళని కూడా చెప్పనీ" అని నేను విసుక్కున్నా మళ్ళీ ఎత్తేది. అలాంటి పిల్ల ఒక్కతి క్లాసులో ఉంటే టీచరుకి ఎంత బలమో చెప్పలేను.

ఎండాకాలం సెలవుల్లో ఆ పిల్లకి ఓణీల ఫంక్షన్ చేశారు. పాస్టరు గారొచ్చి ప్రార్థన చేశారట, ఊరంతా భోజనాలకు వచ్చారట. తండ్రి ఆకివీడు వెళ్ళి నిలువెత్తు ఫ్లెక్సీ కొట్టించి ఊరి సెంటర్లో కట్టించాడు. గులాబీ రంగు ఓణీ, తల నిండా పూలు, చుట్టూ అత్తలూ మావయ్యల చిన్న చిన్న ఫోటోలు. మా వైపు ఇది మామూలే. ఆ ఫ్లెక్సీ జూలై దాకా ఎండకూ వానకూ అక్కడే ఉంది.

బడి తెరిచాక ఆ ఫ్లెక్సీ ఫోటోలోంచి ఆ పిల్ల మొహం మాత్రం కత్తిరించి ఎవరో ఒక స్టిక్కర్ చేశారు. థర్మకోల్ పెట్టెలో ఐసు మీద పడుకోబెట్టిన పెద్ద బొచ్చె చేప. చేప తల ఉండాల్సిన చోట పూలు పెట్టుకున్న ఈ పిల్ల తల. కింద రోజూ వచ్చే రేట్ల మెసేజిలోలాగే 'ఈరోజు రేటు' అని రాసి, పక్కన ఖాళీ వదిలేశారు. ఆ ఖాళీలో ఎవరికి తోచింది వాళ్ళు నింపుకోవచ్చన్నమాట. క్లాసు గ్రూపులో గుడ్ మార్నింగ్‌కి బదులు అదే పెట్టడం మొదలుపెట్టారు. ఆ గ్రూపులో ఉన్నవి తండ్రుల ఫోన్లు కదా, అక్కడి నుంచి చెరువుల గ్రూపుల్లోకి పోవడానికి ఎంతసేపు పడుతుంది? ఒక రోజు పొద్దున్నే రేట్లు చూసుకుందామని ఫోను తీసిన తండ్రికి, తోటి పనివాళ్ళు పంపుకుంటున్న బొమ్మలో కూతురు కనబడింది.

ఆ రోజు నుంచి పిల్ల బడికి రాలేదు. కారణం తెలిసి నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. చెరువు గట్టు మీద రేకుల షెడ్డు, దాని వెనకే కాపురం. తండ్రి తవుడు బస్తా దించి, చేతులు తుడుచుకుని, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు.

"ఏవండీ మేడం గారూ, నాకు చదువు రాదండి. రేట్లు చూసుకోవటం వరకే తెలుసండి" అన్నాడు. "కింద అందరూ నవ్వు బొమ్మలు పెట్టేరండి. ఆళ్ళకి అది మా పాపని తెలీదండి. తెలిసినోళ్ళు కూడా పెట్టేరనుకోండి."

"మీరేమన్నారండీ?"

"ఏమంటానండీ? ఆ ఫ్లెక్సీ కట్టింది నేనే కదండీ. పోయి ఇప్పేసేనండి."

ఆయన గొంతు పెంచలేదు. ఎవరినీ తిట్టలేదు. ఊరంతా చూడాలని తను ముచ్చటపడి కట్టిన బొమ్మే కూతురి మీదికి వచ్చిందని ఆయన బాధ. నాకైతే ఒళ్ళు మండిపోయింది. చేపల మీద బతికే ఊళ్ళలో, చేప అన్నం తిని, చేప డబ్బుతో ఫోను కొని, ఆ ఫోనులో ఒక పిల్లని చేపని చేసి నవ్వుకోవడం! మన ఇంటి పొయ్యి మీద ఉన్నదాన్నే పట్టుకుని ఎదుటివాళ్ళని వెక్కిరించడానికి ఎంత మతి పోవాలి?

చేసినదెవరో కనిపెట్టడానికి నేను పోలీసు పని ఏమీ చేయలేదు. ఆ పిల్ల పక్కన కూర్చునే స్నేహితురాలే మధ్యాహ్నం భోజనాల వేళ నా దగ్గరికొచ్చి కొంగు పట్టుకుని ఏడ్చింది. ఇద్దరూ ఆరో తరగతి నుంచీ ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు, ఒకే క్యారేజీ తిన్నవాళ్ళు.

"సరదాకి చేశానండి మేడం. ముందు దానికే పంపేనండి. అది కూడా నవ్విందండి. నీదీ ఒకటి చెయ్యవే అంది. ఆ తరవాత ఇంకొకళ్ళకి పంపేనండి. ఇలా అవుద్దనుకోలేదండి."

నేను తిట్టడానికి సిద్ధమై ఉన్నాను. ఆ ఏడుపు చూశాక తిట్టు నోట్లోనే ఆగిపోయింది. ఇద్దరి మధ్య ఉన్నంతవరకూ అది నిజంగానే సరదా. మూడో ఫోనుకి వెళ్ళాక అది ఆ పిల్లదీ కాదు, ఈ పిల్లదీ కాదు. ఆ తేడా పదిహేనేళ్ళ పిల్లకి ఎవరు చెప్పారు గనక? మేము ఓటు హక్కు గురించి చెప్పాం, జనాభా గురించి చెప్పాం, ఇది చెప్పలేదు.

హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. ఆయన మంచివారు. పిల్లల చెప్పులు తెగితే తనే ఆకివీడులో కుట్టించుకొచ్చే మనిషి. విషయం విని నొచ్చుకున్నారు. "అవగాహన సదస్సు పెడదామండి. ఏలూరులో ఒకాయన ఉన్నారు, బళ్ళకి వెళ్ళి ఇవన్నీ చెబుతారు" అన్నారు. నాకు ఆశ పుట్టింది. ఆ మాట పట్టుకుని నేను మళ్ళీ చెరువు గట్టుకి వెళ్ళాను. ఈసారి నీ గురించి ఎవరూ మాట్లాడరు, నిన్ను వేలెత్తి చూపరు, వచ్చి వెనక బల్ల మీద కూర్చో, నేను పక్కనే ఉంటాను అని ఆ పిల్లకి చెప్పాను. తల్లి తలకి నూనె రాసి జడ వేసి పంపింది.

సదస్సు బాగానే జరిగింది, మా బళ్ళలో అన్నీ జరిగినట్టే. ఏలూరాయన తెల్లచొక్కా, లాప్‌టాప్, తెర. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో స్నేహం చేయొద్దు, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు, ఓటీపీ అసలే చెప్పొద్దు. తెర మీద నల్ల ముసుగు వేసుకున్న దొంగ బొమ్మ ఒకటి పడింది. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. నాకు మాత్రం కుర్చీలో కుదురు లేదు. ఆ ముసుగు దొంగ మా ఊళ్ళకి వచ్చే బస్సు కూడా ఎరగడు. మా పిల్లల్ని ఏడిపిస్తున్నది పక్క బల్ల, వెనక బల్ల, ఒక్కోసారి అదే బల్ల. ఆ సంగతి తెర మీద ఎక్కడా లేదు.

చివర్లో ఆయన మైకు పట్టుకుని ముందుకొచ్చి, "మీలో ఎవరినైనా ఫోన్లో ఎవరైనా ఏడిపించారా? భయపడొద్దు. చేతులెత్తండి" అన్నారు.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా పక్కన కదలిక. ఆ పిల్ల చెయ్యెత్తింది.

మొదట భుజం దాకానే లేచింది. నా వైపు ఒకసారి చూసి, క్లాసులో ఎత్తినట్టే నిటారుగా ఎత్తింది. నాకు గర్వంగా అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయని చెప్పడానికి సిగ్గుపడను. ఏలూరాయన "శభాష్" అని చప్పట్లు కొట్టించి, జాతీయగీతానికి టైమైందని మైకు ఇచ్చేశారు. అంతే. ఎవరు ఏడిపించారమ్మా అని గానీ, తరవాత నా దగ్గరికి రా అని గానీ లేదు. చేతులెత్తమనడం ఆ ఉపన్యాసంలో చివరి అంశం, అంతకు మించి ఏమీ కాదు.

సాయంత్రం ఆటోలో ఉండగా ఫోను మోగింది. బడి గ్రూపులో ఫోటోలు. సైబర్ భద్రతపై అవగాహన సదస్సు, ఉత్సాహంగా పాల్గొన్న విద్యార్థులు అని పైన రాసి ఉంది. మొదటి ఫోటో నిండా మా పిల్ల. చెయ్యి నిటారుగా ఎత్తి, పెదాలు బిగబట్టి, నా వైపు చూస్తోంది. నా మొహం సగమే పడింది. అదే ఫోటో మండలం గ్రూపులో ఉంది, పూర్వ విద్యార్థుల గ్రూపులో ఉంది, పదో తరగతి గ్రూపులో కూడా ఉంది. నేను ఆటో దిగేలోపే దాని కింద ఐసు పెట్టెలోని బొచ్చె చేప పడింది. దాని కింద మరొకటి. ఎవరో 'బొచ్చె చెయ్యెత్తిందిరోయ్' అని రాశారు. ఇక ఆగలేదు.

నేను బస్టాండులో నిలబడే హెడ్మాస్టరు గారికి ఫోను చేశాను. నా గొంతుకి చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు.

"అదేంటండీ మేడం, మంచి ఫోటో కదండీ" అన్నారాయన. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. "మిగతా అన్నిట్లో పిల్లలు బొమ్మల్లా కూర్చున్నారండి. ఇందులోనే స్పందన కనపడుతోందని అది పెట్టేను."

"ఆ చెయ్యి ఎందుకెత్తిందో మీకు తెలుసు కదండీ!"

"అయ్యో" అన్నారు. ఆ అయ్యోలో అబద్ధం లేదు. వెంటనే అన్ని గ్రూపుల్లోంచీ తీసేశారు. తీసేస్తే ఏముంది? అప్పటికే అది ఎవరి ఫోన్లలోకి వెళ్ళాలో వాళ్ళ ఫోన్లలోకి వెళ్ళిపోయింది. ఒకరి ఫోటో అడక్కుండా పంచుకోకూడదని చెప్పడానికి పెట్టిన సదస్సు ఫోటోని అడక్కుండా పంచుకున్నాం. ఇంత తెలివితక్కువ పని పగవాడు కూడా చేయడు. కానీ ఆయన ఒక్కరినే అని లాభం లేదు. ఫోటో లేని సదస్సు జరగనట్టే లెక్క అని మా అందరికీ ఏళ్ళ తరబడి నేర్పారు, మేము బుద్ధిగా నేర్చుకున్నాం.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. నేను క్లాసుకి వెళ్ళి పుస్తకం మూసేశాను. ఎవరు పెట్టారు, ఎవరు నవ్వారు అని అడగలేదు. చేతులెత్తండి అనే మాట నా నోట ఇక రాదు. మీ నాన్న పొద్దున్నే చెరువు మీద రేట్లు చూసుకుంటున్నాడనుకోండి, అందులో మీ మొహం కనబడిందనుకోండి, ఆయన ఏం చేస్తాడు అని మాత్రం అడిగాను. కొందరు కొడతాడన్నారు. కొందరు ఫోను లాగేసుకుంటాడన్నారు. ఆ పిల్ల తండ్రి ఏం చేశాడో చెప్పాను. కట్టిన ఫ్లెక్సీ తనే వెళ్ళి విప్పుకున్నాడని చెప్పాను. పంపేముందు ఆ మనిషిని అడగండి, వచ్చిందాన్ని మీ దగ్గరే ఆపండి, ఎవరైనా ఏడుస్తుంటే నవ్వు బొమ్మ పెట్టకుండా పక్కకెళ్ళి మాట్లాడండి. నాకు తెలిసింది అంతే, అదే చెప్పాను.

అప్పుడు స్టిక్కర్ చేసిన పిల్ల లేచింది. "మేడం, మరి మా ఫోటోలు మీరు రోజూ పెడుతున్నారు కదండీ. మమ్మల్ని ఎప్పుడన్నా అడిగేరా అండీ?"

పొగరుతో అన్న మాట కాదది. పక్కన స్నేహితురాలి చోటు ఖాళీగా ఉందని కడుపు మండి అడిగింది. ఎప్పుడూ అడగలేదనే చెప్పాను.

సదస్సులో చెయ్యెత్తిన పిల్ల వారాల తరబడి రాలేదు. ఈలోగా పబ్లిక్ పరీక్షలకి పేర్లు పంపే గడువు వచ్చిపడింది. ఒక్కొక్కరి ఫోటో కంప్యూటర్లో ఎక్కించాలి. ఫోటో లేకపోతే హాల్ టికెట్ రాదు, హాల్ టికెట్ లేకపోతే పదో తరగతి లేదు. మళ్ళీ చెరువు గట్టుకి బయల్దేరాను. నా మొహం చూపించడానికి నాకే జంకుగా ఉంది.

తండ్రి ఈసారి కూడా కుర్చీ వేశాడు. "ఆయ్, చెప్పండి మేడం గారూ" అన్నాడు గానీ వినాలని ఆయనకి లేదు. "ఏలూరులో మా చెల్లెలుందండి. బట్టల షాపులో పని చూపిస్తానందండి. పంపేద్దామనుకుంటున్నామండి. ఇంక చదువేం వద్దులెండి. మీరు మంచోళ్ళేనండి. కానీ మీరు తీసుకెళ్ళిన రోజే కదండీ అది జరిగింది."

పిల్ల తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. చిక్కిపోయింది.

"ఆయన అడిగినప్పుడు నేను ఎత్తకూడదనే అనుకున్నానండి మేడం" అంది. "మీరు పక్కనున్నారని ఎత్తేనండి."

తిట్టినా బాగుండేది. తప్పదు గనక, వచ్చిన పని చెప్పాను. హాల్ టికెట్‌కి ఫోటో కావాలమ్మా, పరీక్ష రాస్తావో మానతావో తరవాత సంగతి, ముందు పేరు పోకుండా ఉంటుంది, ఒక్క ఫోటో ఇక్కడే తీసుకుని వెళ్ళిపోతాను అన్నాను.

ఫోటో అనగానే రెండడుగులు వెనక్కి వేసింది. తరవాత ఏదో ఆలోచించి, "ఎక్కడికెళ్తుందండీ అది?" అంది.

"నా ఫోన్లోంచి బడి కంప్యూటర్లోకి. అక్కడ్నుంచి పరీక్షల ఆఫీసుకి."

"మధ్యలో ఎవరెవరు చూస్తారండీ?"

పెద్ద పెద్ద సదస్సుల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. నేను, కంప్యూటర్ దగ్గర కూర్చునే సారు, హెడ్మాస్టరు గారు అన్నాను. ఆఫీసులో ఎవరు చూస్తారో నాకు తెలియదన్నాను. తెలియనిది తెలియదని చెప్పడం ఒక్కటే నేను ఆ పిల్లకి ఇవ్వగలిగింది.

తల్లి ఉతికిన తెల్ల దుప్పటి తెచ్చి వెనక పట్టుకుంది. పిల్ల కెమెరా వైపు చూసింది. నవ్వలేదు, నవ్వమని నేనూ అనలేదు. తీశాక చూపించాను. ఫోను నా సంచిలో పెట్టుకుంటుంటే, "ఆగండి మేడం, దాన్ని మీ ఒక్కళ్ళతో పంపనండి" అంది. లోపలికెళ్ళి బడి యూనిఫాం వేసుకొచ్చింది. తండ్రి ఏదో అనబోయి ఊరుకున్నాడు.

బడిలో కంప్యూటర్ దగ్గర సారు వెనక నిలబడి, ఫోటో పైకి ఎక్కిందాకా రెప్ప వేయకుండా చూసింది. ఆ తరవాత నా ఫోను అడిగి తీసుకుంది. ఫోటో చెరిపేసింది. చెరిపేసినవన్నీ దాక్కునే చోటు ఒకటుంటుందని నాకు తెలియదు, దానికి తెలుసు. అక్కడికి కూడా వెళ్ళి చెరిపేసింది. కంప్యూటర్లో కూడా తీసేయమని సారుకి చెప్పి, తీసేసిందాకా కదల్లేదు. హెడ్మాస్టరు గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆయన ఫోను జేబులోనే ఉంది.

మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. స్నేహితురాలు బల్ల మీద జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఇంకా సరిగ్గా మాట్లాడుకోవడం లేదు గానీ ఒకే పుస్తకంలో చూసుకుంటున్నారు. ఏలూరు వెళ్ళే మాట ప్రస్తుతానికి ఆగింది. ఆ పిల్ల మమ్మల్ని నమ్మి తిరిగి వచ్చిందని నేను అనుకోను. తన కళ్ళ ముందుంటేనే మేం ఏం చేస్తున్నామో తెలుస్తుందని వచ్చింది. అది కూడా చాలు అనుకుంటున్నాను, కానీ మనసుకి చాలడం లేదు.

నిన్న నదుల పాఠం చెబుతూ, కొల్లేరు నీళ్ళు సముద్రంలోకి ఏ కాలవ గుండా పోతాయని అడిగాను. ఎవరూ పలకలేదు. ఆ పిల్ల వైపు చూశాను. జవాబు తెలుసని మొహంలోనే కనబడుతోంది. నేను ఆగాను. చాలాసేపు ఆగాను. చెయ్యి మాత్రం బల్ల మీంచి లేవలేదు.